గుండె లయ తప్పితే

ఇద్దరు ఆడవాళ్ళు రోకళ్ళతో దంచేటప్పుడు విన్నారు కదా! పోటు తర్వాత పోటు. మధ్య ఎడం సమానం. ఒకరు చెయ్యి తప్పితే చెవికి వెంటనే తెలిసిపోతుంది.

గుండె కూడా అట్లాగే కొట్టుకుంటుంది. నిమిషానికి 60 నుంచి 100 సార్లు. రోజుకు సుమారు లక్ష సార్లు.

మా పెద్దమ్మకు అప్పుడప్పుడు గుండె దడదడలాడేది. "గ్యాసులే" అని సోడా తాగేది. ఒకరోజు పొద్దున్నే మూతి వంకర పోయింది. కుడి చెయ్యి లేవలేదు. పక్షవాతం! గుండె లయ తప్పడం వల్లనే వచ్చిందని డాక్టరు చెప్పారు.

గుండెకూ పక్షవాతానికీ ఏం సంబంధం? గుండెలో పై గదులు సరిగ్గా ముడుచుకోకుండా వణుకుతాయి. అక్కడ రక్తం నిలుస్తుంది, గడ్డ కడుతుంది. ఆ గడ్డ కొట్టుకుపోయి మెదడు రక్తనాళంలో అడ్డం పడుతుంది. ముందే తెలిస్తే రక్తం గడ్డకట్టకుండా మందులున్నాయి. పెద్దమ్మకు ముందే తెలియలేదు.

ప్రతి పోటుకూ ముందు గుండెలో సన్నని కరెంటు పుడుతుంది. భయం లేదు, షాకు కొట్టదు! దాన్ని గీతగా చూపేదే ఇ.సి.జి. హాలండులో ఐంతోవెన్ అనే ఆయన 100 ఏళ్ళకు పైగా కిందటే దీనికి మిషను చేశాడు. దాని బరువు సుమారు 270 కిలోలు! 1924లో ఆయనకు నోబెల్ బహుమతి ఇచ్చారు.

ఇప్పుడు కంప్యూటరే అరచేతిలో పడుతోంది. 2012లో బ్రిటన్‌లో రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరు వచ్చింది. అప్పటి ధర 35 డాలర్లు. అంటే అప్పట్లో మన డబ్బు రెండు వేల లోపే. ఒంటికి బిళ్ళలు అంటించి, తీగలతో ఇలాంటి కంప్యూటరుకు కలుపుతారు. అది పోటుకూ పోటుకూ మధ్య ఎడం కొలుస్తుంది. ఎడం ఇష్టం వచ్చినట్లు మారితే "తేడా ఉంది" అని చూపుతుంది.

ఈ దడ వచ్చి పోతూ ఉంటుంది. ఆస్పత్రిలో ఇ.సి.జి. తీసే ఆ కాసేపట్లో కనిపించకపోవచ్చు. చిన్న మిషనైతే రోజంతా ఒంటి మీద ఉండగలదు. కానీ మనిషి కదిలినా, బిళ్ళ ఊడినా అది పొరబడుతుంది. జబ్బు అవునో కాదో తేల్చాల్సింది డాక్టరే.

మన ఊళ్ళో కంప్యూటరు లేదు కదా అంటారా? వేళ్ళున్నాయి. బొటనవేలి మొదట్లో, మణికట్టు మీద రెండు వేళ్ళు ఆనించండి. నిమిషం పాటు లెక్కపెట్టండి. పోటు గతి తప్పినట్లుంటే నర్సమ్మకు చెప్పి ఇ.సి.జి. తీయించుకోండి. మూతి వంకర పోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా ఆగొద్దు, వెంటనే 108కి ఫోను చెయ్యండి.

సరే, ఇప్పుడు పక్కన కూర్చున్న అక్క చెయ్యి పట్టుకోండి. గడియారం నేను చూస్తాను.