అన్నప్రాశన మరునాటి నుండి

మన సంప్రదాయంలో శిశువు తొలిసారిగా అన్నం రుచి చూచే దినాన్ని ఒక సంస్కారంగా పాటిస్తాము. మగపిల్లలకు సరిసంఖ్య గల మాసంలోను, ఆడపిల్లలకు బేసిసంఖ్య గల మాసంలోను అన్నప్రాశన జరపడం మన ఇళ్ళలో ఆచారం. ఆరవ మాసంలో శిశువుకు తేలికైనదీ హితమైనదీ అయిన అన్నం పెట్టవలెనని సుశ్రుత సంహిత శారీరస్థానంలో చెప్పబడి ఉన్నది. మొదటి ఆరు నెలలు తల్లిపాలు మాత్రమే, అటుపిమ్మట పాలతో పాటు ఇతర ఆహారం అనే విధానాన్ని ప్రపంచ ఆరోగ్య సభ 2001వ సంవత్సరంలో ఆమోదించింది. ఈ రెండింటికీ గల పొంతన చూచి మనం సంతోషించవచ్చును. కాని లెక్కలో ఒక చిన్న తేడా ఉన్నది. మన వాడుకలో ‘ఆరవ మాసం’ అనగా ఐదు నిండి ఆరు నడుస్తున్న కాలం. వైద్యులు చెప్పే ఆరు నెలలు నిండిన నెలలు, అనగా సుమారు 180 దినాలు. ఆడపిల్లకు ఐదవ మాసంలో ముహూర్తం కుదిరితే అప్పటికి నిండినవి నాలుగు నెలలే. అటువంటప్పుడు నాలుకకు పాయసం తాకించి ముచ్చట తీర్చుకొని, అసలు భోజనాన్ని బిడ్డ సిద్ధమైన తరువాత మొదలుపెట్టవచ్చును. ఇందులో ఆచారానికి గాని శాస్త్రానికి గాని భంగం లేదు.

బిడ్డ సిద్ధమైనదని తెలుసుకొనడానికి పంచాంగం అక్కరలేదు. మెడ నిలవడం, ఆసరాతో కూర్చోగలగడం, చెంచా దగ్గరకు రాగానే నోరు తెరవడం, నోటిలో పెట్టినదానిని నాలుకతో బయటకు నెట్టివేయక మింగగలగడం చాలును. నాలుగు నెలలు నిండకముందు మాత్రం ఘనాహారం కూడదు.

ఈ వ్యాసంలో చర్చించదలచినది ముహూర్తాన్ని గురించి కాదు, మరునాటి నుండి గిన్నెలో ఏమి ఉండవలెనన్న విషయాన్ని గురించి. అమెరికాలోని మన ఇళ్ళలో ఈ ప్రశ్నకు రెండు సమాధానాలు ఎదురెదురుగా నిలబడతాయి. శిశువైద్యుని కార్యాలయంలో ఇచ్చిన కాగితం ఒకటి, పురిటికి వచ్చి ఆరు నెలలు ఉండిపోయిన అమ్మమ్మ లేక నాయనమ్మ అనుభవం మరొకటి. కొత్త తల్లి ఈ రెండింటి నడుమ నలిగిపోవడం పరిపాటి. ఎవరి మాట నెగ్గవలెనని ఆలోచించేకంటె, ఆరు నెలల తరువాత పాలలో ఏది చాలదు అని ప్రశ్నించుకొంటే చిక్కు చాలవరకు విడిపోతుంది.

చాలనిది ముఖ్యంగా ఇనుము. నెలలు నిండి పుట్టిన శిశువు గర్భంలో ఉండగానే తల్లినుండి కొంత ఇనుమును కూడబెట్టుకొని వస్తుంది. ఆ నిలువ నాలుగు నుండి ఆరు నెలలలో తరిగిపోతుంది. నెలలు నిండకుండా పుట్టినవారిలో ఇంకా ముందే తరిగిపోతుంది. తల్లిపాలలోని ఇనుము చక్కగా ఒంటబట్టే మాట నిజమే కాని, దాని పరిమాణం లీటరుకు మూడింట ఒక మిల్లీగ్రాము మాత్రమే. ఏడవ నెల నుండి సంవత్సరం నిండే వరకు శిశువుకు రోజుకు 11 మిల్లీగ్రాముల ఇనుము ఆహారంలో ఉండవలెనని అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2001లో నిర్ణయించింది. ఎదిగిన మగవానికి ఆ సంస్థ చెప్పిన మోతాదు 8 మిల్లీగ్రాములే! ఎనిమిది కిలోల పసికందుకు తండ్రికంటె ఎక్కువ ఇనుము కావలసి రావడం విచిత్రంగా తోచవచ్చును. కాని ఆ వయస్సులో రక్తం, కండ, మెదడు అన్నీ ఒకేసారి వేగంగా పెరుగుతుంటాయి. ఇనుము కొరత ఎక్కువకాలం సాగితే రక్తహీనతతో బాటు మెదడు ఎదుగుదల కూడ దెబ్బతినవచ్చును. భారతదేశంలో 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆరు నెలల నుండి ఐదేళ్ళ లోపు పిల్లలలో 67 శాతం మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. ఆంధ్రప్రదేశ్‌లో అది 63 శాతం, తెలంగాణలో 70 శాతం. దేశం మారినంత మాత్రాన వంటింటి అలవాట్లు మారవు గనుక ఈ అంకెలు మనకు సంబంధించనివని అనుకోరాదు.

ఇక గిన్నె విషయానికి వద్దాము. మన పెద్దలు తొలి ఆహారంగా పెట్టేవి గంజి, పప్పు మీది తేట, పలుచని జావ. తేలికగా అరుగుతాయన్నది వారి ఉద్దేశం. లెక్క వేసి చూస్తే ఇక్కడే పొరపాటు బయటపడుతుంది. తల్లిపాలు 100 మిల్లీలీటర్లకు 65 నుండి 70 కేలరీల శక్తినిస్తాయి. ఒక టేబుల్ స్పూను బియ్యంతో 200 మిల్లీలీటర్ల గంజి కాస్తే అందులో మొత్తం నలభై కేలరీలకు మించి ఉండవు. అనగా 100 మిల్లీలీటర్లకు ఇరవై మాత్రమే. శిశువు పొట్ట చిన్నది, ఒక్కసారికి పావు లీటరు పట్టడమే గగనం. ఆ చోటును గంజితో నింపితే, అంతకు మూడు రెట్లు బలమైన పాలను తప్పించి నీటిని పోసినట్లు అవుతుంది. పప్పుతేట కూడ అటువంటిదే. పప్పులోని మాంసకృత్తులలో ఎక్కువ భాగం అడుగున ఉన్న ముద్దలోనే మిగిలిపోతుంది. ఆ ముద్దను పెద్దలు తిని, తేటను బిడ్డకు పోయడం న్యాయం కాదు. చెంచాను వంచి చూడవలెను. పదార్థం నీళ్ళవలె జారిపోక చెంచాను అంటుకొని నిలిస్తే సరియైన పాకం. దానిలో అరచెంచా నెయ్యి వేస్తే మరి ఇరవై కేలరీలు చేరతాయి. ఈ నెయ్యి విషయంలో మన నాయనమ్మలదే పైచేయి. కాగితంలో లేదని మానవలసిన పని లేదు.

బియ్యం, పెసరపప్పు దోరగా వేయించి రవ్వగా పట్టించే మన ఉగ్గు చాలా మంచి ఆహారం. ధాన్యంలో కొరవడిన అమైనో ఆమ్లాన్ని పప్పు పూరిస్తుంది. రాగులను మొలకెత్తించి ఎండబెట్టి పిండి చేయడం ఇంకా తెలివైన పద్ధతి. మొలక వచ్చేటప్పుడు గింజలో ఎమిలేజ్ అనే ఎంజైము తయారై పిండిపదార్థాన్ని విడగొడుతుంది. మామూలు పిండి ఎక్కువ వేస్తే జావ గట్టిపడి బిడ్డ మింగలేదు. మొలకల పిండి అయితే అదే చిక్కదనానికి ఎక్కువ పిండి పడుతుంది, అనగా ఎక్కువ బలం. పైగా ఇనుమును పట్టి ఉంచే ఫైటేట్లు కూడ మొలకెత్తినప్పుడు కొంత తగ్గుతాయి. మైసూరులోని కేంద్రీయ ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు మొలకల రాగులు, పెసలు కలిపి శిశు ఆహారం తయారుచేసే విధానంపై 1980వ దశకంలోనే పరిశోధించారు. మొలకలను మాడేటట్లు వేయిస్తే ఎంజైము నశిస్తుంది. కమ్మని వాసన రాగానే దింపవలెను.

అయినప్పటికీ నిజం చెప్పుకోవలెను. నూరు గ్రాముల పెసరపప్పులో గాని రాగులలో గాని ఉన్న ఇనుము సుమారు 4 మిల్లీగ్రాములు. బిడ్డ రోజుకు తినే పొడి పిండి నలభై గ్రాములు అనుకొంటే దక్కేది ఒకటిన్నర మిల్లీగ్రాములే, అందులోనూ ఒంటబట్టేది స్వల్పం. పదకొండుకు ఇది ఏ మూలకు? కనుకనే వైద్యుని కాగితంలో ఇనుము చేర్చిన శిశుధాన్యాల పొడి మొదటి వరుసలో ఉంటుంది. దీనిలో 15 గ్రాములకు ఐదారు మిల్లీగ్రాముల ఇనుము ఉండడం సాధారణం, అట్టపెట్టెపై చూచుకొనవచ్చును. ఆ పొడిని వేరుగా పెట్టనక్కరలేదు, మన ఉగ్గులోనే కలపవచ్చును. బియ్యపు పొడినే రోజూ వాడక ఓట్లు, గోధుమ, బార్లీలను మార్చి మార్చి వాడడం మంచిది. వరి నేలలోని ఆర్సెనిక్‌ను ఇతర ధాన్యాలకంటె ఎక్కువగా పీల్చుకొంటుంది. ఈ కారణంగానే శిశువుల బియ్యపు పొడిలో ఆర్సెనిక్ నూరుకోట్ల పాళ్ళకు 100 పాళ్ళు మించరాదని అమెరికా ఆహార ఔషధ సంస్థ 2020లో హద్దు పెట్టింది.

మాంసాహారులు మెత్తగా ఉడికించి నూరిన కోడిమాంసం, మేకమాంసం ఆరవ నెల నిండిన నాటి నుండే పెట్టవచ్చును. పళ్ళు వచ్చేదాకా ఆగనక్కరలేదు. మాంసంలోని ఇనుము పప్పులోని దానికంటె బాగా ఒంటబడుతుంది. శాకాహారులు పప్పులో టమాటా ఉడికించి కలపడం, దించిన తరువాత నాలుగు చుక్కల నిమ్మరసం పిండడం మరువరాదు. విటమిన్ సి ఇనుమును లోనికి చేరవేస్తుంది. తల్లిపాలు త్రాగే శిశువుకు నాలుగు నెలల నుండి, ఇనుము గల ఆహారం సరిగా తినే వరకు, శరీర బరువులో కిలోకు ఒక మిల్లీగ్రాము చొప్పున చుక్కల మందు ఇవ్వవలెనని అమెరికా శిశువైద్యుల అకాడమీ 2010లో సూచించింది. ఇనుము చేర్చిన డబ్బాపాలు మాత్రమే త్రాగే బిడ్డకు ఈ చుక్కలు సాధారణంగా అక్కరలేదు. శాకాహారి అయిన తల్లి తన బి12 విటమిన్ పరీక్ష చేయించుకొనడం అత్యవసరం. తల్లిలో అది లోపిస్తే పాలలోను లోపిస్తుంది, బిడ్డ నాడీమండలం దెబ్బతింటుంది.

ఇప్పుడు వేరుశనగ సంగతి. పెద్దలకూ డాక్టర్లకూ మధ్య కాక, డాక్టర్లకూ డాక్టర్లకూ మధ్య అభిప్రాయం తారుమారైన విషయమిది. అలర్జీ వచ్చే అవకాశం ఎక్కువగా ఉన్న పిల్లలకు మూడేళ్ళ వరకు వేరుశనగ పెట్టరాదని అమెరికా శిశువైద్యుల అకాడమీ 2000లో చెప్పి, ఆధారాలు లేవని 2008లో ఉపసంహరించుకొన్నది. అదే ఏడాది వెలువడిన ఒక పరిశీలనలో, బ్రిటన్‌లోని యూదుల పిల్లలలో వేరుశనగ అలర్జీ ఇజ్రాయెల్ పిల్లలలోకంటె పది రెట్లు ఎక్కువగా కనబడింది. ఇజ్రాయెల్‌లో పసివారికి వేరుశనగతో చేసిన చిరుతిండి పెట్టడం అలవాటు. పిమ్మట లండన్‌లో తీవ్రమైన ఎగ్జిమా గాని గుడ్డు అలర్జీ గాని ఉన్న 640 మంది శిశువులపై ప్రయోగం చేసి 2015లో ఫలితాలు ప్రకటించారు. చర్మపరీక్షలో ప్రతిచర్య లేనివారిలో, ఐదేళ్ళు వేరుశనగ మాన్పించిన పిల్లలలో 13.7 శాతం మందికి అలర్జీ వచ్చింది, తినిపించిన వారిలో 1.9 శాతం మందికి మాత్రమే. కనుక ఇప్పుడు ఆలస్యం చేయవద్దనే చెబుతున్నారు. వేరుశనగ వెన్నను గోరువెచ్చని నీటితో పలుచన చేసి జావలో కలిపి పెట్టవలెను. పలుకులను మాత్రం నాలుగేళ్ళ లోపు ఇవ్వరాదు, ఊపిరిగొట్టానికి అడ్డుపడతాయి. ఎగ్జిమా తీవ్రంగా ఉన్న బిడ్డకు ముందు వైద్యుని సంప్రదించవలెను. గుడ్డు విషయంలోను ఇదే పద్ధతి, బాగా ఉడికించి పెట్టవలెను.

సంవత్సరం నిండేదాకా నిజంగా నిషిద్ధమైనది తేనె. కొన్ని ఇళ్ళలో పుట్టిన బిడ్డ నాలుకకు తేనె రాయడం, అన్నప్రాశన పాయసంలో తేనె కలపడం ఉన్నది. తేనెలో ఉండగల క్లాస్ట్రీడియం బొట్యులినం బీజాలు పసివారి పేగులలో మొలకెత్తి విషాన్ని తయారుచేస్తాయి. మెడ వాలిపోవడం, పాలు లాగలేకపోవడం, చివరకు ఊపిరి అందకపోవడం దాని లక్షణాలు. ఈ వ్యాధిని 1976లో కాలిఫోర్నియాలో గుర్తించారు. ముహూర్తానికైనా సరే, తేనె బదులు కాస్త బెల్లం చాలును. ఉప్పు, పంచదార కూడ మొదటి ఏడాది అక్కరలేదు. కుక్కరు దించగానే, ఉప్పుకారాలు చేర్చి పోపు పెట్టకముందే బిడ్డ వాటా తీసి ఉంచితే వేరే వంట చేయనక్కరలేదు.

మన తల్లులకు మిక్సీపై గల మమకారం గురించి ఒక మాట. ఎనిమిదవ నెల వచ్చేసరికి మెదిపిన ఆహారంలో చిన్న పలుకులు తగలవలెను, వేళ్ళతో పట్టుకొని తినే మెత్తని ఇడ్లీ ముక్క, ఉడికిన క్యారెట్టు చేతికి ఇవ్వవలెను. ఇంగ్లండులోని బ్రిస్టల్ ప్రాంతపు పిల్లలను ఏళ్ళ తరబడి గమనించిన పరిశోధకులు, పలుకు గల ఆహారం తొమ్మిది నెలల తరువాత గాని రుచి చూడని పిల్లలు ఏడేళ్ళ వయస్సులో కూడ తిండి వద్ద ఎక్కువ పేచీ పెట్టినట్లు చూచారు. మొదట్లో బిడ్డ ఓకరిస్తుంది. అది తనను తాను కాపాడుకొనే ప్రక్రియ, దగ్గు వినబడుతున్నంతసేపు భయం లేదు. శబ్దం లేకుండా ముఖం నీలమైతేనే ప్రమాదం. ఆ ప్రథమ చికిత్సను తల్లిదండ్రులతో బాటు తాతగారు, అమ్మమ్మ కూడ నేర్చుకొనవలెను. చేతిలో ఫోను పెట్టి బొమ్మలు చూపిస్తూ ముద్దలు కుక్కడం వలన గిన్నె ఖాళీ అవుతుందే గాని, ఆకలి తీరిందో లేదో బిడ్డకు తెలియదు. మూతి తిప్పుకొంటే ఆ పూటకు చాలించవలెను.

ఇంతా చెప్పినా, ఏడాది నిండే వరకు పాలే ప్రధానం. ఏడు, ఎనిమిది నెలల వయస్సులో తల్లిపాలు బాగా త్రాగే బిడ్డకు చెంచా ద్వారా అందవలసినది రోజుకు 200 కేలరీలు, తొమ్మిది నుండి పదకొండు నెలల వరకు 300. మొదట రెండు పూటలతో ప్రారంభించి మూడు, నాలుగు పూటలకు పెంచుతూ, నడుమ పాలు ఇస్తూ ఉండవలెను. ఆవుపాలను ప్రధాన పానీయంగా ఏడాదిలోపు ఇవ్వరాదు, పెరుగు మాత్రం పెట్టవచ్చును. ఆవుపాలలో ఇనుము దాదాపు లేదు, అందులోని కాల్షియం ఇతర ఆహారంలోని ఇనుమును కూడ ఒంటబట్టనీయదు, లేత పేగులలో కంటికి కనబడని రక్తస్రావం కూడ కలిగించవచ్చును.

ఏడాది దాటిన మన పిల్లలలో ముఖ్యంగా గమనింపదగినది ఇదే. అన్నం సరిగా తినలేదని సీసాడు పాలు, పాలు నిండడం వలన అన్నం మీద అయిష్టం, చివరకు పెరుగన్నం రెండు ముద్దలు. బిడ్డ బొద్దుగానే ఉంటుంది, రంగు మాత్రం పాలిపోతుంది. ఏడాది తరువాత ఆవుపాలు రోజుకు 16 నుండి 24 ఔన్సులకు మించరాదు, సీసా మాన్పించి గ్లాసు అలవాటు చేయవలెను. పన్నెండవ నెల ప్రాంతంలో హిమోగ్లోబిన్ పరీక్ష చేయించడం ఈ దేశంలో వాడుక. 11 గ్రాములకు తగ్గితే రక్తహీనత. హిమోగ్లోబిన్ పడిపోకముందే ఇనుము నిలువలు తరిగిపోతాయి గనుక, పూర్తిగా శాకాహారులైన పిల్లలకు ఫెరిటిన్ పరీక్ష కూడ అవసరమా అని వైద్యుని అడగవచ్చును. వెళ్ళేముందు బిడ్డ రోజుకు ఎన్ని ఔన్సుల పాలు త్రాగుతున్నదో, గిన్నెలో ఏమేమి పడుతున్నదో ఒక వారంపాటు వ్రాసి ఉంచుకొంటే ఆయన పని సగం తేలిక అవుతుంది.