ఐ.బి.ఆర్. రక్తపరీక్ష చీటీని ఎలా చదవాలి?

చూడి ఆవు ఆరో నెలలో ఈసుకుపోతుంది. పశువైద్యుడు రక్తం తీసి పంపుతారు. ‘ఐ.బి.ఆర్. పాజిటివ్’ అని చీటీ రాగానే ఆవును సంతకు తోలే సభ్యులను మేము చూస్తున్నాము. తొందరపడవద్దని మా మనవి.

ఐ.బి.ఆర్. పశువులకు వచ్చే హెర్పిస్ జాతి వైరస్ వ్యాధి. మనుషులకు అంటదు. ఎలీసా పరీక్ష వెతికేది వైరస్‌ను కాదు, దానిని ఎదిరించడానికి రక్తంలో పుట్టిన ప్రతిరక్షకాలను. అవి కనబడితే ఆవుకు ఎప్పుడో వైరస్ సోకిందనే అర్థం. ఈసుకుపోవడానికి అదే కారణమని కాదు. కొన్ని టీకాల వల్లా, లేగదూడలకు తల్లి జున్నుపాల వల్లా పాజిటివ్ రావచ్చు. సోకి రెండు మూడు వారాలు కాకుంటే నెగిటివ్ కూడా రావచ్చు.

కనుక బ్రూసెల్లా పరీక్ష కూడా తప్పక అడగండి. అది మనుషులకు అంటుతుంది. పడిపోయిన పిండాన్ని, మాయను వట్టి చేతులతో ముట్టవద్దు, పచ్చిపాలు తాగవద్దు.

ఐ.బి.ఆర్. వైరస్ సోకిన పశువు నరాల ముడులలో జీవితాంతం దాగి ఉంటుంది. ఈత, దూరప్రయాణం, స్టిరాయిడ్ ఇంజక్షన్ వంటి ఒత్తిడి కలిగినప్పుడు మళ్ళీ బయటపడి పక్క పశువుకు అంటవచ్చు. సంతకు తోలితే జరిగేదీ అదే; జబ్బు పొరుగువారి కొట్టం చేరుతుంది. ఆబోతు వీర్యం ద్వారా కూడా ఇది వ్యాపిస్తుంది. ఊరి ఆబోతుతో దాటించేవారు దానికీ ఈ పరీక్ష చేయించాలి.