నూనె కాని నూనెలు

మా వారికి కతర్‌గామ్ శాఖకు బదిలీ అయి, మేం సూరత్‌లో కాపురం పెట్టి ఇది నాలుగో ఏడు. అంతకుముందు హనుమకొండలో ఫార్మసీ విద్యార్థులకు పాఠాలు చెప్పేదాన్ని. ఆ సంగతి తెలిసినప్పటి నుంచి మా సొసైటీలో ఎవరికి ఏ మందు మీద అనుమానం వచ్చినా మా తలుపే తడతారు. ఈమధ్య వాళ్లు పట్టుకొచ్చేవి మందులు కావు, వేలెడంత గోధుమరంగు సీసాలు. లావెండర్, టీ ట్రీ, నిమ్మ, పిప్పర్‌మెంట్, నీలగిరి. మొటిమలకు ఒకటి, జుట్టుకు ఒకటి, నిద్రకు ఒకటి. ఈ పత్రిక చదివే ఇళ్లలోనూ ఇలాంటివి ఒకటి రెండు ఉండే ఉంటాయి. వాటి గురించే ఈ పాఠం.

చిక్కంతా పేరులో ఉంది. నూనె అనగానే మనకు గుర్తొచ్చేది తలకు దట్టంగా పెట్టుకునేది, పసిబిడ్డకు ఒళ్లంతా మర్దనా చేసేది. ఎంత పట్టిస్తే అంత మంచిదని అమ్మమ్మలు చెప్పింది ఆ నూనె గురించే. ఈ చిన్న సీసాల్లో ఉన్నది అది కాదు. కావాలంటే తెల్ల కాగితం మీద ఒక పక్క కొబ్బరి నూనె, మరో పక్క లావెండర్ తైలం ఒక్కో చుక్క వేసి రేపటిదాకా ఉంచండి. కొబ్బరి నూనె మరక అలాగే ఉంటుంది. లావెండర్ చుక్క ఆవిరైపోయి, మహా అయితే లేత ఛాయ మిగులుతుంది. జిడ్డు మరక గట్టిగా ఉండిపోయిందంటే అందులో మామూలు నూనె కలిపారన్నమాట. ఒక్క కాగితం ముక్కతో కల్తీ పరీక్ష కూడా అయిపోతుంది.

కొబ్బరి, నువ్వుల నూనెలు కొవ్వు పదార్థాలు. సుగంధ తైలాలు మొక్కలు తమ ఆకుల్లో, పూలలో, తొక్కల్లో, బెరడులో దాచుకునే తేలికపాటి రసాయనాల మిశ్రమాలు. పురుగుల్ని తరమడానికో, తేనెటీగల్ని పిలవడానికో మొక్క వాటిని కాస్త కాస్తగా తయారుచేసుకుంటుంది. మనం ఆవిరితో బట్టీ పట్టి ఆ కాస్తనీ ఒకచోట పోగుచేస్తాం. నిమ్మ, నారింజ తొక్కల నుంచైతే పిండి తీస్తారు. ఒక కిలో గులాబీ తైలానికి మూడు నుంచి అయిదు టన్నుల పూరేకులు కావాలి. లవంగ తైలంలో నూటికి డెబ్బై నుంచి తొంభై వంతులు యూజినాల్ అనే ఒకే పదార్థం. పులావులో నాలుగు లవంగాలు వేయడమూ, ఆ తైలం చిగురు మీద ఒలకబోసుకోవడమూ ఒకటి కావు. పంటి డాక్టర్లు యూజినాల్ వాడతారు, నిజమే. పిప్పి పంటికి దూదితో అద్దిన ఒక చుక్క నొప్పి తగ్గిస్తుంది, అదీ నిజమే. అదే తైలం పదేపదే తగిలితే చిగురు కాలి పుండు పడుతుంది.

కతర్‌గామ్ అంటే సూరతీ పాపడీ చిక్కుళ్లకు పేరు. ఇప్పుడు వజ్రాలు సానపట్టే కార్ఖానాలకూ అంతే పేరు. పొద్దున్నుంచీ సాన చక్రం మీదకు వంగి కూర్చునే పనివాళ్లకు మెడ, భుజాలు పట్టేస్తాయి. నెల మొదటి వారంలో మా వారి శాఖలోకి అడుగుపెడితే నొప్పి బామ్ వాసన గుప్పుమంటుంది. ఆ ఘాటులో ముఖ్యమైనది వింటర్‌గ్రీన్ తైలంలో ఉండే మిథైల్ సాలిసిలేట్. ఇది ఆస్పిరిన్‌కు దగ్గరి చుట్టం. ఒక టీ స్పూను వింటర్‌గ్రీన్ తైలం దాదాపు ఏడు గ్రాముల ఆస్పిరిన్‌కు సమానం. అంటే మామూలు తలనొప్పి బిళ్లలు ఇరవైకి పైగా ఒకేసారి మింగినట్టు! బామ్‌లో అంత గాఢత ఉండదు గనక కాస్త రాసుకుంటే భయం లేదు. కానీ రాసుకుని పైన వేడినీళ్ల సంచి పెట్టుకోకూడదు, గట్టిగా కట్టు కట్టకూడదు, చర్మం కాలుతుంది. గుండె జబ్బుకు వార్ఫరిన్ లాంటి రక్తం పలచబరిచే మందు వేసుకునేవారు రోజూ ఒళ్లంతా పూసుకోకూడదు, ఒంట్లోకి ఇంకి మందు పనిని పెంచేస్తుంది. మన పెన్షనర్లలో ఆ మందు వాడేవారు తక్కువేం కాదు.

పోయిన ఏడు వానాకాలంలో పై అంతస్తు బా పరుగున వచ్చారు. ఇక్కడ నాయనమ్మల్ని బా అంటారు. రెండేళ్ల మనవడు నీలగిరి తైలం సీసా నోట్లో పెట్టుకున్నాడు. జలుబని ఆవిరి పట్టి, సీసాను మంచం పక్కన పెట్టారట. పైకి వెళ్లేసరికి పిల్లాడి నోరంతా ఘాటు వాసన, దగ్గు. బా అప్పటికే గ్లాసులో ఉప్పునీళ్లు కలిపి వచ్చారు.

“వాంతి చేయిస్తే పోతుంది కదా బెన్?”

“వద్దు బా, అదొక్కటీ చేయకండి. వాంతిలో తైలం ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ఇంకా ప్రమాదం. సీసా చేతిలో పట్టుకోండి, డాక్టర్‌కి చూపించాలి.”

ఆ గ్లాసు నా చేతిలోకి తీసుకున్నాను. కోడలు 108కి ఫోన్ చేసింది. దారిలోనే పిల్లాడు మగతలోకి జారాడు. ఒక రాత్రంతా ఆసుపత్రిలో ఉంచి, మర్నాడు సాయంత్రం పంపారు. సీసాలో ఎంత తగ్గిందో చూస్తే టీ స్పూను కూడా లేదు. అయినా అంత పనయింది. నీలగిరి తైలం రెండు మూడు మిల్లీలీటర్లు కూడా చిన్నపిల్లల్ని మగతలోకో మూర్ఛలోకో నెట్టగలదు. లక్షణాలు చాలాసార్లు అరగంటలోపే మొదలవుతాయి, ఒక్కోసారి కొన్ని గంటలు పట్టవచ్చు. “బాగానే ఆడుకుంటున్నాడు కదా” అని ఇంట్లో కూర్చోకూడదనేది అందుకే.

ఇలాంటప్పుడు చేయవలసింది కొంచెమే. వాంతి చేయించవద్దు. పాలూ ఉప్పునీళ్లూ పట్టవద్దు. మగతగా ఉంటే పక్కకు తిప్పి పడుకోబెట్టి 108ని పిలవాలి. సీసా వెంట తీసుకెళ్లాలి. ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రానికి 1800 116 117 నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. ఆ నంబరు మా ఫ్రిజ్ తలుపు మీద గ్యాస్ బుకింగ్ నంబరు పక్కనే రాసి ఉంది. కంట్లో పడితే ధారగా మంచినీళ్లతో పదిహేను నిమిషాలు కడగాలి. ఒంటి మీద పడితే సబ్బుతో, బాగా నీళ్లతో.

మనవాళ్ల అలవాటు ఒకటి ఉంది. ఇక్కడ లింబాయత్, ఉధ్నా వైపు వరంగల్, కరీంనగర్ నుంచి తరాల కింద వచ్చిన నేత కుటుంబాలున్నాయి. వాళ్ల ఇళ్లలోనూ చూశాను, మా అమ్మగారింట్లోనూ చూశాను. పసిబిడ్డకు జలుబు చేస్తే కొబ్బరి నూనెలో హారతి కర్పూరం కరిగించి ఛాతీకి, ముక్కు దగ్గర రాస్తారు. పెద్దల మాట కాదనడం నాకూ కష్టమే. కానీ కర్పూరం చర్మం గుండా, ముక్కు పొర గుండా ఒంట్లోకి చేరుతుంది, చంటిపిల్లలకు మూర్ఛ తెప్పించగలదు. ఒక్క గ్రాము మింగినా చిన్నపిల్లల ప్రాణానికే ముప్పు. అమెరికాలో పైపూత మందుల్లో కర్పూరం 11 శాతం మించకూడదని 1980లలోనే కట్టడి చేశారు. కర్పూరం, మెంథాల్ ఉన్న బామ్‌లు రెండేళ్లలోపు పిల్లలకు వద్దని డబ్బా మీదే రాసి ఉంటుంది, అక్షరాలు చీమంత ఉంటాయి గనక మనం చదవం. పెద్దలకైనా మూర్ఛ జబ్బు ఉంటే నీలగిరి, కర్పూరం జోలికి పోకపోవడమే మంచిది. బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాల నాడీ వైద్యులు ఈ రెండింటికీ మూర్ఛలకూ ఉన్న సంబంధం మీద పరిశోధన పత్రాలు ప్రచురించారు.

ఇంతా చదివి సీసాలన్నీ పారేయనక్కర్లేదు. చర్మానికి వాడే పద్ధతి ఒకటుంది. 20 చుక్కలు సుమారు ఒక మిల్లీలీటరు. 30 మిల్లీలీటర్ల కొబ్బరి లేదా నువ్వుల నూనెలో, అంటే రెండు పెద్ద చెంచాలలో, ఆరు చుక్కలు కలిపితే ఒక శాతం. అది మొహానికి, సున్నితమైన చర్మానికి. పన్నెండు చుక్కలు కలిపితే రెండు శాతం, అది పెద్దల ఒంటికి, మోకాళ్లకు. నేరుగా సీసాలోంచి చర్మం మీద వద్దు. కలిపాక కూడా ముందు మోచేతి లోపలివైపు కాస్త రాసి, 24 నుంచి 48 గంటలు చూడాలి. దురద, ఎరుపు, మంట ఏది కనబడినా ఆ తైలం మీకు పడదని అర్థం. “మొదట్లో కాస్త మండుతుంది, అది పనిచేస్తున్నట్టు లెక్క” అని అమ్మేవాళ్లు చెప్పే మాట నమ్మకండి. ఒకసారి ఎలర్జీ మొదలైతే తర్వాత సబ్బులో, షాంపూలో అదే పరిమళం ఉన్నా ఒళ్లు దద్దురెక్కుతుంది, ఏళ్ల తరబడి.

బకెట్ స్నానం చేసేవారికి ప్రత్యేకంగా ఒక మాట. బకెట్ నీళ్లలో నాలుగు చుక్కలు వేసుకోమని పుస్తకాల్లో రాస్తారు. తైలం నీళ్లలో కలవదు, పైన తేలుతుంది. మొదటి మగ్గుతోనే ఆ నాలుగు చుక్కలూ గాఢంగా మీ వీపు మీదికో, కళ్లలోకో వస్తాయి. వాసన కావాలంటే స్నానాల గదిలో ఓ మూల దూది మీద ఒక చుక్క చాలు.

మొటిమలకు టీ ట్రీ గురించి ఆడపిల్లలు ఎక్కువగా అడుగుతారు. దీనికి ఆధారం ఉంది. 1990లో ఆస్ట్రేలియాలో 124 మంది మీద, అయిదు శాతం టీ ట్రీ జెల్‌ను అంతే గాఢతగల బెంజాయిల్ పెరాక్సైడ్‌తో పోల్చి చూశారు. రెండూ మొటిమల్ని తగ్గించాయి. టీ ట్రీ నెమ్మదిగా పనిచేసింది, చర్మం ఎండిపోవడం, మండడం మాత్రం తక్కువ. గమనించాల్సింది ఆ అయిదు శాతమే. నూటికి నూరు శాతం తైలం దూదితో మొటిమ మీద అద్దుకున్న మా ఎదురింటి అమ్మాయికి మొటిమ పోయి మచ్చ మిగిలింది.

నిమ్మ, బెర్గమాట్ తైలాల సంగతి వేరు. తొక్క పిండి తీసిన ఈ తైలాల్లో ఫ్యూరానోకౌమరిన్లనే పదార్థాలుంటాయి. అవి చర్మం మీద ఉండగా ఎండ తగిలితే కాలిన గాయంలా బొబ్బలెక్కి, నల్ల మచ్చలు నెలల తరబడి ఉంటాయి. సూరత్‌లో స్కూటీ నడిపే ఆడవాళ్లు దుపట్టా మొహానికి చుట్టుకుంటారు గానీ చేతులు ఎండకే ఉంటాయి కదా. విజయవాడ ఎండలోనూ ఇదే లెక్క. రంగు తేలుతుందని నిమ్మ తైలం రాసుకుని బయటికెళ్లడం అసలు పనికి మించిన పని తెచ్చుకోవడమే. ఆవిరితో తీసిన నిమ్మ తైలంలో ఈ గొడవ దాదాపు ఉండదు, కాబట్టి సీసా మీద ఏ పద్ధతిలో తీశారో చూసుకోవాలి.

సీసాకు కూడా కేవైసీ ఉంటుంది. మొక్క శాస్త్రీయ నామం, ఏ భాగం నుంచి తీశారు, బ్యాచ్ నంబరు, తయారైన తేదీ, తయారీదారు చిరునామా. ఇవేమీ లేకుండా “ఫ్రాగ్రెన్స్ ఆయిల్” అని ఉంటే అది కృత్రిమ పరిమళం, చర్మానికి కాదు. దుకాణంలో గులాబీ, నిమ్మగడ్డి, మల్లె అన్నీ ఒకే ధరకు అమ్ముతుంటే అనుమానించండి. నిమ్మగడ్డి పుష్కలంగా తైలమిస్తుంది. గులాబీకి ఎన్ని టన్నుల పూలు కావాలో పైన చెప్పాను.

డిఫ్యూజర్ పెట్టేవారు ఏసీ గదిలో తలుపులన్నీ మూసి రాత్రంతా నడపకండి. ఒక కిటికీ కాస్త తెరిచి, పావుగంట నుంచి అరగంట చాలు. ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్లుంటే అదీ వద్దు. పిల్లి ఉన్న ఇంట్లో టీ ట్రీ వాడకూడదు, పిల్లి కాలేయం ఆ పదార్థాల్ని విరిచెయ్యలేదు. గర్భిణులు తమ డాక్టర్ని అడిగాకే ఏదైనా వాడాలి, మొదటి మూడు నెలలు పూర్తిగా దూరంగా ఉంటే మేలు. ఎవరు చెప్పినా నీళ్లలో, టీలో కలిపి తాగవద్దు.

ఇక దాచే చోటు. సూరత్ ఉక్కపోతలో కిటికీ గట్టు మీద పెట్టిన సీసా త్వరగా పాడవుతుంది. గాలి, వెలుతురు, వేడి తగిలి టీ ట్రీ, లావెండర్ తైలాల్లోని పదార్థాలు ఆక్సీకరణం చెందుతాయి. ఎలర్జీ తెచ్చేవి ఎక్కువగా ఆ పాతబడిన తైలాలే. మూత తెరిచిన తేదీ సీసా మీద స్కెచ్ పెన్నుతో రాసుకోండి. నిమ్మజాతివి ఏడాది, టీ ట్రీ ఏడాది రెండేళ్లు. పూజా మందిరంలో దీపం పక్కన పెట్టకండి, ఇవి సులువుగా అంటుకుంటాయి. పిల్లలకు అందని అలమరలో, తాళం వేసి, పై అరలో. గడువు దాటినవి సింకులో పోయకుండా, చేతికి గ్లవ్స్ వేసుకుని, గచ్చు తుడిచే ఫినాయిల్ బకెట్లో కొన్ని చుక్కలు చొప్పున వాడేయవచ్చు. ఆ బకెట్ కూడా పిల్లలకు అందకుండానే సుమా.