గన్ చూపే అంకె, ఒంట్లో ఉండే జ్వరం

2020లో కరోనా వచ్చినప్పుడు దుకాణాల ముందు, బస్టాండులో, చర్చి గుమ్మం దగ్గర నుదుటికి గురిపెట్టి వేడి చూసిన గన్ మీకు గుర్తుండే ఉంటుంది. తరువాత అది చాలా ఇళ్లలోకి కూడా వచ్చింది. ఇప్పుడు "గన్‌తో చూశామండీ, తొంభై ఏడే ఉంది, జ్వరమేమీ లేదు" అని చెప్పే తల్లిదండ్రులు ఉన్నారు. ఒడిలో పిల్లవాడేమో దుప్పటి కప్పినా వణుకుతుంటాడు. చర్ల, దుమ్ముగూడెం, చింతూరు వంటి అడవి అంచు ఊళ్లవారు ఈ మాట అంటే మాకు కంగారుగా ఉంటుంది. అందుకే ఈసారి పాఠం ఈ గన్ గురించే.

ప్రతి వస్తువూ తన వేడిని బట్టి కంటికి కనబడని కిరణాలను బయటికి వదులుతుంది. వీటిని పరారుణ కిరణాలు అంటారు. 1800లో విలియం హెర్షెల్ అనే శాస్త్రవేత్త ఎండను గాజు పట్టకంతో రంగులుగా విడదీసి, ఎరుపు రంగు దాటిన తరువాత, ఏ వెలుగూ కనబడని చోట థర్మామీటర్ పెట్టి చూశాడు. అక్కడ వేడి ఎక్కువగా కనబడింది. మన గన్ పసిగట్టేది ఆ కిరణాలనే. కొన్ని గన్లలో కనిపించే ఎర్ర చుక్క గురి చూపడానికే, అది వేడిని కొలవదు. ముఖ్యమైన సంగతి ఏమిటంటే, గన్‌కు తెలిసేది పైపొర వేడి మాత్రమే. లోపల ఎంత ఉందో దానికి తెలియదు.

ఇలాంటి గన్లు కరోనాకు చాలా ముందునుంచే కర్మాగారాల్లోనూ, బేకరీ ఓవెన్ల దగ్గరా వాడకంలో ఉన్నాయి. క్రిస్మస్‌కు ఇంట్లో కేకు చేసేవారికి ఇది పనికొచ్చే విషయం. ఓవెన్ మీద 180 అని తిప్పినంత మాత్రాన లోపల 180 డిగ్రీలు ఉన్నట్టు కాదు. చూడాలంటే నల్లబడిన ఇనుప పెనం ఒకటి లోపల పెట్టి, ఓవెన్‌ను ఖాళీగా అరగంట వేడెక్కనివ్వండి. తలుపు తీసిన వెంటనే పెనం మధ్యకు గురిపెట్టండి. ఓవెన్ ఆరుతూ వెలుగుతూ ఉంటుంది కనుక పది నిమిషాలకొకసారి మూడు నాలుగుసార్లు చూడాలి. మెరిసే అల్యూమినియం పళ్లేన్ని మాత్రం చూడవద్దు. మెరుపు వస్తువు అద్దం లాంటిది. తన వేడిని దాచుకుని చుట్టుపక్కల వస్తువుల వేడిని చూపిస్తుంది, అంకె చాలా తక్కువ వస్తుంది. తలుపు మూసి అద్దంలోంచి చూస్తే ఆ అద్దం వేడే తెలుస్తుంది.

ఓవెన్‌కు వాడే గన్ రెండు డిగ్రీల సెంటీగ్రేడు అటూ ఇటూ చూపినా కేకుకు నష్టం లేదు. మనిషికి అదే రెండు డిగ్రీలంటే 98.6కు, 102.2 ఫారెన్‌హీటుకు ఉన్న తేడా! కాబట్టి పనిముట్ల దుకాణంలో కొన్న గన్‌తో ఎన్నడూ జ్వరం చూడవద్దు. జ్వరానికి తయారుచేసినది వేరు, పెట్టె మీద చూసి కొనండి.

అసలైన గన్ ఉన్నా చిక్కు తీరదు. మలేరియా చలి మొదలైనప్పుడు ఒంట్లో ఏం జరుగుతుందో చూడండి. చర్మం కింది రక్తనాళాలు ముడుచుకుంటాయి. రక్తం లోపలికి తగ్గుతుంది. చేతులు, కాళ్లు, నుదురు చల్లబడతాయి. లోపల మాత్రం జ్వరం పైకి ఎక్కుతూనే ఉంటుంది. ఈ చలి పావుగంట నుంచి గంట దాకా ఉండవచ్చు. సరిగ్గా ఆ సమయంలో గన్ పెడితే 97 అని చూపినా ఆశ్చర్యం లేదు. గన్ చెప్పింది అబద్ధం కాదు, చర్మం నిజంగానే చల్లగా ఉంది. జ్వరం ఎంత అని మనం అడిగిన ప్రశ్నకు మాత్రం అది జవాబు కాదు.

చెమట పట్టినా, తడిగుడ్డ వేసి తీసినా, ఫ్యాను కింద పడుకున్నా అంకె తగ్గుతుంది. ఎండలో నడిచి వచ్చినా, పొయ్యి దగ్గర కూర్చున్నా పెరుగుతుంది. పైగా ఈ గన్లలో చాలావాటిని 40 డిగ్రీల సెంటీగ్రేడు లోపు గదిలో వాడాలని కాగితంలోనే రాసి ఉంటుంది. మన దగ్గర మే నెలలో రేకుల ఇంట్లో అంత చల్లదనం ఎక్కడిది?

మీ గన్‌ను పరీక్షించుకోవచ్చు. గాజు గిన్నెలో దంచిన ఐసు నిండా పోసి, కొద్దిగా నీళ్లు కలిపి, ఐదు నిమిషాలు ఆగి కలియబెట్టండి. గన్‌ను వస్తువుల వేడి చూసే మీటకు మార్చి, మూడు నాలుగు వేళ్ల ఎత్తునుంచి నిలువుగా గురిపెట్టండి. సున్నా సెంటీగ్రేడుకు దగ్గరగా రావాలి. అంతకన్నా ఉపయోగపడేది ఇంకొకటి. ఇంట్లో ఆరోగ్యంగా ఉన్న ఒకరిని నీడలో పావుగంట కూర్చోబెట్టి, నుదురు తుడిచి, గన్‌తో మూడుసార్లు చూడండి. వెంటనే డిజిటల్ థర్మామీటర్‌ను చంకలో పెట్టి, బీప్ వచ్చేదాకా చేయి అదిమి ఉంచి చూడండి. రెండింటికీ ఎంత తేడా వస్తుందో కాగితం మీద రాసి గన్‌కు అంటించండి. తేడా ప్రతిసారీ ఒకేలా ఉంటే ఆ గన్ కొంత నయం. ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ చూపితే బ్యాటరీ మార్చి, మళ్లీ అలాగే ఉంటే పక్కన పెట్టేయండి.

మా మాట అడిగితే ఇంటికి డిజిటల్ థర్మామీటరే మంచిది. చంకలో 99.5 వస్తే జ్వరం కిందే లెక్క. పాత పాదరసం గాజుది ఉంటే పిల్లలకు అందకుండా పెట్టండి. పగిలితే చీపురుతో ఊడ్చవద్దు, చేత్తో తాకవద్దు. కిటికీలు తెరిచి, అట్టముక్కతో పూసలను ఒకచోటికి చేర్చి, మూత గట్టి డబ్బాలో వేయండి.

ఇక థర్మామీటర్ ఎంత సరైనదైనా మలేరియా ఉందో లేదో చెప్పలేదు. జ్వరం వచ్చి, దిగి, మళ్లీ వస్తుంది. మధ్యలో ఒళ్లు మామూలుగానే ఉంటుంది. ఆ దోమ సంగతి రోనాల్డ్ రాస్ 1897లో సికింద్రాబాదులో కనుగొన్నప్పటినుంచి నేటిదాకా మలేరియాను తేల్చేది రక్తపరీక్షే. చలితో వణికినా, నిన్న జ్వరం వచ్చి ఈరోజు తగ్గినా, ఆశా కార్యకర్త దగ్గర వేలి నుంచి చుక్క రక్తం ఇచ్చి కిట్ పరీక్ష చేయించండి. అరగంటలోపే తెలుస్తుంది. మలేరియా అని తేలితే, జ్వరం తగ్గిపోయినా ఇచ్చిన మాత్రలన్నీ పూర్తిచేయాలి.

ఫిట్స్ వచ్చినా, మగతగా ఉన్నా, పాలు తాగకపోయినా, ఆయాసపడుతున్నా, మూత్రం నల్లగా వచ్చినా, కళ్లు పాలిపోయినా గన్ కోసం వెతకవద్దు, వెంటనే బయలుదేరండి. రెండు నెలలు నిండని బిడ్డకు చంకలో 99.5 వచ్చినా, 95.9 కన్నా తగ్గినా అంతే. దారిలో బిడ్డను తల్లి రొమ్ముకు ఆనించి, గుడ్డ కప్పి, పాలు తాగగలిగితే పట్టిస్తూ తీసుకురండి.