సిబ్బంది పేర్లపట్టికయు కంప్యూటరును



తరగతిలో ఉపాధ్యాయుడు హాజరుపుస్తకము చేతబూని "నూకరాజు" అని పిలిచినప్పుడు ఇద్దరు ముగ్గురు బాలురు ఒక్కసారిగా "హాజరండీ" యనుట మన ప్రాంతమున వింత గాదు. అనకాపల్లి నూకాంబిక పేరును, సింహాచలము అప్పన్న పేరును బిడ్డలకు పెట్టుకొనుట ఇచటి వాడుక. అందుచేత నూకరాజులు, నూకరత్నములు, అప్పలరాజులు, అప్పలనర్సమ్మలు ప్రతి వీధిలోను గలరు. ఈ చిక్కు తీరుటకే హాజరుపుస్తకమున ప్రతి పేరునకు ముందు ఒక సంఖ్య వేయుదురు. పేరు పలువురికి ఒకటే కావచ్చును. సంఖ్య మాత్రము ఒక్కరిదే. ఈ చిన్న సంగతి నెరిగినవారికి ఈ వ్యాసమున సగము తెలిసినట్లే.

ఒక సంస్థలో పనిచేయువారందరి పేర్లు, వారి పనులు, ఫోను నంబర్లు గల పట్టికను కంప్యూటరునందలి డేటాబేసులో నిలిపి, ఆ సంస్థవారు మాత్రమే చూడగల ఇంట్రానెట్టున ఉంచు విధమెట్టిదో తెలుపుట ఈ పాఠముయొక్క ఉద్దేశము.

పట్టిక యెందులకు?

అనకాపల్లినుండి అచ్యుతాపురము పోవు మార్గమున మన మునగపాక యున్నది. చెరకు, బెల్లము నెక్కించుకొని పోవు బండ్లను చూచిన ఈ మార్గమున నేడు ప్రత్యేక ఆర్థిక మండలములోని కర్మాగారములకు పనివారిని గొనిపోవు బస్సులు సాగుచున్నవి. అచట బ్రాండిక్సు వస్త్రనగరమొక్కటే సుమారు 1000 ఎకరముల మేర వెలసినది. అందు వేలకొలది జనులు, వారిలో మిక్కిలిగా స్త్రీలు, పనిచేయుచున్నారు. మీలో కొందరి అమ్మలో అక్కలో అన్నలో ఆ బస్సులలో పోవువారై యుందురు.

పదిమంది పనిచేయు చెరకు గానుగయొద్ద పేర్లపట్టిక అక్కర లేదు. గానుగ యజమానికి వారి పేర్లే కాదు, వారి యిండ్లును, బంధువులును తెలియును. వేయిమంది పనిచేయుచోట అట్లు గాదు. ఒక విభాగమువారు మరియొక విభాగమువారి నెరుగరు. యంత్రము నిలిచిపోయినచో బాగుచేయువాని నెవరు పిలువవలెను? రాత్రివేళ గేటునొద్ద నుండు కాపలాదారు ఎవరికి ఫోను చేయవలెను? ఇట్టివి దినదిన ప్రశ్నలు.

ఇంతకంటె బరువైన ప్రశ్నలు పుట్టు గడియలును గలవు. 2024 ఆగస్టు 21వ తేదీన అచ్యుతాపురములోని ఒక ఔషధ కర్మాగారమున ఘోరప్రమాదము జరిగి 17 మంది మృతినొందిరి. ఏ కర్మాగారమునకైనను అట్టి గడియ వచ్చినప్పుడు మూడు ప్రశ్నలు ముందు నిలుచును. లోపల నెవరున్నారు? వారు ఏ విభాగమువారు? వారి యింటివారికి కబురు పంపుటకు ఏ నంబరు? గేటు వెలుపల నిలిచి బిడ్డకొరకు ఎదురుచూచు తల్లికి సరియైన జవాబు చెప్పవలెనన్న, ఆ జవాబు అంతకు ముందే ఒకచోట సరిగా వ్రాయబడి యుండవలెను. పేర్లపట్టిక గుమాస్తా పని యని చులకన చేయువారు ఈ సంగతిని తలపోయవలెను.

పూర్వచరిత్ర

మొట్టమొదటి ఫోను పట్టిక 1878వ సంవత్సరమున అమెరికాలోని న్యూహేవెను పట్టణమున వెలువడినది. అది ఒకే పుట. అందు 50 పేర్లు మాత్రమే యుండెను, నంబర్లు లేవు. ఫోను కలుపు ఉద్యోగికి పేరు చెప్పిన చాలును. ఎవరి తీగ యెచటనున్నదో అతనికి కంఠస్థము. కొలదికాలమునకు లోవెలు అను ఊరిలో తట్టుజాడ్యము వ్యాపించెను. ఫోను కలుపువారందరును ఒక్కమారు జబ్బుపడినచో క్రొత్తవారికి ఈ పేర్లెట్లు తెలియునని అచటి వైద్యుడొకడు శంకించి, ప్రతివారికి ఒక నంబరు నిచ్చుట మేలని సూచించెనని చెప్పుదురు. ఒకని తలలో మాత్రమే యున్న జ్ఞానము అతనితోడనే మంచము పట్టునని ఆ వైద్యుడు గ్రహించెను.

ఇట్టి చిక్కే నూరేండ్ల తరువాత మరియొకచోట తలయెత్తినది. స్విట్జర్లండు, ఫ్రాన్సు దేశముల సరిహద్దున జెనీవా చెంత సెర్ను అను గొప్ప పరిశోధనాలయము గలదు. అచటికి నానాదేశముల శాస్త్రజ్ఞులు వచ్చుచు పోవుచుందురు. పోవువారితో వారెరిగిన సంగతులును పోవుచుండెను. దీనికి ప్రతిక్రియగా టిమ్ బెర్నర్స్ లీ 1989 మార్చిలో ఒక ప్రణాళిక వ్రాసియిచ్చెను. నేడు లోకమంతట వ్యాపించిన వెబ్బు ఆ ప్రణాళికనుండి పుట్టినదే. అయితే మొదట దానిని సెర్నులోనే పలువురు లక్ష్యపెట్టలేదు. అచటి ఫోను పుస్తకము ఒక పెద్ద కంప్యూటరులో నుండెను. ఒక్క నంబరు కావలసినను ఆ కంప్యూటరులో ప్రవేశించి వెదకవలసి వచ్చెడిది. బెర్న్డ్ పోలర్‌మన్ అను సహోద్యోగి ఆ ఫోను పుస్తకమును వెబ్బుద్వారా కనబడునట్లు చేసెను. నికోలా పెల్లో అను విద్యార్థిని ఏ సామాన్య కంప్యూటరుపైనను నడువగల బ్రౌజరును వ్రాసెను. అంతట ఫోను నంబరుకొరకు వచ్చినవారు వెబ్బునకు అలవాటుపడిరి. అనగా వెబ్బు తొలినాళ్లలో చేసిన మేలైన పనులలో సిబ్బంది పేర్లపట్టికను చూపుట యొకటి.

పట్టిక నిర్మాణము

ఇప్పుడు నిర్మాణమును చూతము. 600 మంది పనివారు గల ఒక కర్మాగారమును ఊహింపుడు. ఒక గుమాస్తా పెద్ద పుస్తకము తెరచి, ప్రతి పనివాని పేరు, విభాగము, విభాగపు ఆఫీసు ఫోను, విభాగాధికారి పేరు వ్రాసెననుకొందము. ప్యాకింగు విభాగమున 80 మంది గలరు. కావున ఆ విభాగపు ఫోను నంబరు 80 మారులు వ్రాయబడినది. ఒకనాడు ఆ నంబరు మారెను. గుమాస్తా 77 చోట్ల దిద్ది మూడుచోట్ల మరచెను. ఇక ఆ పుస్తకము ఒకే ప్రశ్నకు రెండు జవాబులు చెప్పును. ఏది నిజము? పుస్తకమునకే తెలియదు.

ఈ దోషమునకు మందు కనుగొన్నవాడు ఎడ్గార్ కాడ్ అను గణితజ్ఞుడు. ఐ.బి.ఎం. సంస్థలో పనిచేయుచు 1970లో ఆయన ప్రకటించిన వ్యాసము నేటి డేటాబేసులకు పునాది. సారాంశ మిది: ఒక్కొక్క జాతి వస్తువునకు ఒక్కొక్క పట్టిక యుండవలెను, ఒక సంగతి ఒకే చోట వ్రాయబడవలెను, పట్టికలను సంఖ్యలతో ముడివేయవలెను. కావున మన కర్మాగారమున రెండు పట్టికలు చేయుదము. మొదటిది విభాగముల పట్టిక: విభాగపు సంఖ్య, పేరు, ఆఫీసు ఫోను. రెండవది పనివారి పట్టిక: పనివాని సంఖ్య, పేరు, పని, ఫోను, విభాగపు సంఖ్య. పనివాని వరుసలో విభాగపు ఫోను వ్రాయనక్కర లేదు. విభాగపు సంఖ్యనుబట్టి కంప్యూటరు మొదటి పట్టికలో చూచుకొనును. విభాగపు ఫోను మారినచో దిద్దుబాటు ఒక్కటే.

ప్రతి వరుసకు నుండు ఈ ప్రత్యేక సంఖ్యనే ప్రైమరీ కీ యందురు. మన హాజరుసంఖ్య వంటిదే యిది. అయితే ఒక భేదము గలదు. మనము తరగతి మారినప్పుడు హాజరుసంఖ్య మారును. పనివాని సంఖ్య విభాగము మారినను, ఇంటిపేరు మారినను మారరాదు. అతడు పని చాలించి పోయిన పిమ్మట దానిని మరియొకనికి ఈయనురాదు. అట్లిచ్చినచో పాతవాని లెక్కలు క్రొత్తవాని మెడకు చుట్టుకొనును.

పేర్లు వ్రాయుటలో మనవారు మూడు జాగ్రత్తలు పాటింపవలెను. మొదటిది, ఇంటిపేరునకు వేరు గడి యుండవలెను. పొడి యక్షరమొక్కటే వ్రాసినచో ఎవరి యింటివారో తెలియదు. రెండవది, పేరును తెలుగు లిపిలోను వ్రాయవలెను. నూకరాజు అను పేరును ఆంగ్లమున ఒకరు రెండు "ఓ"లతోను మరియొకరు ఒక్క "యు"తోను వ్రాయుదురు. ఒక విధముగా వ్రాసినదానిని మరియొక విధముగా వెదకినచో కంప్యూటరు లేడనును. యూనికోడు అను లిపిసంకేతములలో 1991 నుండియు తెలుగునకు చోటు గలదు గనుక ఇందుకు ఆటంకము లేదు. మూడవది, ఫోను నంబరును లెక్కించు సంఖ్యగా గాక అక్షరములవలె భద్రపరుపవలెను. లేనియెడల 0891 అను విశాఖపట్నపు కోడు ముందరి సున్నను కోల్పోయి 891గా మిగులును.

ఇంట్రానెట్టున నుంచుట

ఇంట్రానెట్టనగా సంస్థ ప్రహరీలోపల మాత్రమే నడచు వెబ్బు. డేటాబేసు సర్వరు అను కంప్యూటరులో నుండును. పనివాడు తన కంప్యూటరునందలి బ్రౌజరులో పేరు వ్రాసి వెదకుమనును. ఆ ప్రశ్న సర్వరునకు చేరును. అచటి ప్రోగ్రాము పట్టికలను వెదకి, దొరికిన వరుసను ఒక పుటగా కూర్చి తిరిగి పంపును. లోపలి కంప్యూటర్లకు 192.168 అని ఆరంభమగు చిరునామాల నిచ్చుట వాడుక. ఇవి వీధి పేరు లేని యింటి నంబర్ల వంటివి. లోపలివారికి దారి చూపునుగాని, బయటి ఇంటర్నెట్టునుండి నేరుగా వచ్చుటకు పనికిరావు. అయినను ప్రహరీ యున్నదని తలుపు తెరచి యుంచరాదు. ప్రతివారికి తమ సంకేతపదము ఉండవలెను.

ఇందొక మోసమును ఎరిగి యుండవలెను. వెదకువాడు గడిలో పేరునకు బదులు డేటాబేసునకు ఆజ్ఞయగు మాటలను వ్రాయవచ్చును. ప్రోగ్రాము ఆ మాటలను తన ఆజ్ఞతో కలిపి పంపినచో డేటాబేసు వాని చెప్పుచేతలలో నడచును; పట్టిక యంతయు చెరిగిపోవచ్చును. కావున ఆజ్ఞను ముందే నిర్ణయించి, వెదకువాని మాటను వేరుగా అందీయవలెను. అప్పుడు అతడేమి వ్రాసినను అది పేరుగానే ఎంచబడును.

ఎవరికెంత చూపవలెను?

పట్టికలో నున్నదెల్లను అందరికిని చూపదగినది గాదు. విభాగము, పని, ఆఫీసు ఫోను అందరికిని కావలెను. ఇంటి చిరునామా, ఇంటివారి నంబరు, రక్తపు గ్రూపు కొందరికి మాత్రమే, అదియును ఆపత్సమయమునకే కావలెను. కుట్టుపనికై దూరగ్రామమునుండి వచ్చిన యువతి సొంత ఫోను నంబరు వేలమంది కంటబడినచో ఆమెకు రాత్రియు పగలును నెమ్మది యుండదు. మేలుకొరకు వ్రాసియిచ్చిన నంబరే ఆమెకు కీడగును. మనుష్యుల సొంత సమాచారమును కాపాడుటకై మన దేశమున 2023లో ఒక చట్టము చేయబడినది. చట్టముకంటె ముందు మర్యాద యొకటి గలదు: అడిగి తీసికొనుట, అక్కరకే వాడుట, అక్కర తీరినపిమ్మట దాచుకొనకుండుట.

పోషణ

ఇంతవరకు చెప్పినపని నేర్పరియైనవాడు కొలది దినములలో చేయగలడు. కష్టమంతయు తరువాతనే యున్నది. పట్టిక పూర్తియైన మరునాడే ఒకడు ఫోను మార్చును, మరియొకతె విభాగము మారును, వేరొకడు పని చాలించును. దిద్దువారు లేని పట్టిక ఏడాది తిరుగకముందే అబద్ధములాడ నారంభించును. పట్టిక లేనిచోట మనుష్యులు విచారించి తెలిసికొందురు. తప్పుపట్టిక యున్నచోట దానిని నమ్మి మోసపోవుదురు. కావున లేని పట్టికకంటె తప్పుపట్టిక చెడ్డది.

దీనికి మూడు నియమములు చాలును. ప్రతివాడు తన సొంత వరుసను చూచి తప్పును తెలుపు వీలుండవలెను, ఏలయన తన నంబరు తనకంటె మరియొకనికి బాగుగా తెలియదు. దిద్దుటకు పేరుపెట్టి నియమింపబడిన ఒక్కరుండవలెను. అందరిది యనిన పని యెవరిదియు గాదు. ప్రతి వరుసలోను అది చివర సరిచూచిన తేదీ వ్రాసి యుండవలెను.

మరియొక మాట. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖతీరమును తాకినప్పుడు దీపములు, ఫోనులు దినములతరబడి పనిచేయలేదు. అట్టివేళ సర్వరు మూగయగును. అందుచేత ఆపత్కాలమునకు కావలసిన నంబర్లను కాగితముపై అచ్చువేసి, గేటునొద్ద తాళము గల పెట్టెలో నుంచి, నెలనెల మార్చుచుండుట వివేకము.

అభ్యాసము

బాలబాలికలారా! కంప్యూటరు లేకున్నను ఈ పాఠమును మీరు ఆచరించి చూడవచ్చును. రెండు కాగితములు తీసికొనుడు. ఒకదానిపై తరగతుల పట్టికయు, రెండవదానిపై విద్యార్థుల పట్టికయు వ్రాసి సంఖ్యలతో ముడివేయుడు. ఒక తరగతి ఉపాధ్యాయుడు మారెననుకొని ఎన్నిచోట్ల దిద్దవలసి వచ్చినదో చూడుడు. ఒకచోట మాత్రమే యైనచో మీ నిర్మాణము సరియైనది. పిమ్మట ఇంటికి పోయి, మీ అమ్మయో నాన్నయో పనిచేయుచోట వ్రాసియిచ్చిన ఇంటి నంబరు నేటికిని సరియైనదేనా యని యడుగుడు. పాతదైనచో మరునాడే మార్పింపుమని చెప్పుడు. ఈ పాఠము చదివినందులకు అదియే ఫలము.