ద్రావణం – కంటికి కనిపించని ద్రావితం

పంచదార కలిపిన నీటిలో పంచదార కంటికి కనిపించదు; అయినను నాలుకకు తీపి తెలుస్తుంది. పంచదార నశించలేదు. దాని అణువులు నీటి అణువుల నడుమ అంతటా సమంగా వ్యాపించాయి. ఇట్టి సజాతీయ మిశ్రమానికి ద్రావణమని పేరు. కరిగించుకొనేది ద్రావణి, కరిగేది ద్రావితం. ప్రవహించుట, కరుగుట అను అర్థాలు గల 'ద్రు' అనే సంస్కృత ధాతువు ఈ పదాలకు మూలం. ఉర్దూలో ద్రావణాన్ని 'మహ్‌లూల్' అంటారు. దానికి మూలమైన 'హల్' అనే అరబ్బీ మాటకు కరిగించడమనీ, ముడి విప్పడమనీ రెండర్థాలు.

నీరు ఉత్తమ ద్రావణి. నీటి అణువులో ఆక్సిజన్ వైపు స్వల్ప ఋణావేశం, హైడ్రోజన్ వైపు స్వల్ప ధనావేశం ఉంటాయి. ఉప్పును నీటిలో వేసినప్పుడు ఈ ఆవేశాలు సోడియం, క్లోరైడ్ అయాన్లను ఆకర్షించి స్ఫటికం నుండి విడదీస్తాయి. అయితే ఈ శక్తికి హద్దు కలదు. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద 100 గ్రాముల నీటిలో సుమారు 36 గ్రాముల ఉప్పు మాత్రమే కరుగుతుంది. ఆ హద్దును చేరిన ద్రావణమే సంతృప్త ద్రావణం.

బురదనీటిలోని మట్టి కొంతసేపటికి అడుగున చేరుతుంది. గుడ్డతో వడగడితే చాలావరకు నిలిచిపోతుంది. ద్రావితం అట్లు కాదు. అది అడుగున చేరదు, గుడ్డకు చిక్కదు. కనుక తేటగా ఉన్న నీరంతా శుద్ధమైనదని భావించరాదు.

ఈ సత్యాన్ని నల్లగొండ జిల్లా ప్రజలు తమ ఎముకలతో తెలుసుకొన్నారు. అక్కడి రాళ్లలోని ఫ్లోరైడు ఖనిజాలు భూగర్భజలంలో మెల్లమెల్లగా కరుగుతాయి. ఆ నీటికి రంగు లేదు, వాసన లేదు. త్రాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము ఫ్లోరైడు ఆమోదయోగ్యమనీ, వేరొక నీటివనరు లేనప్పుడు 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతింపవచ్చుననీ భారతీయ ప్రమాణం. అంతకు చాలా మించిన నీటిని ఏళ్ల తరబడి త్రాగితే పళ్లు గారపడతాయి, కీళ్లు బిగుసుకొంటాయి, ఎముకలు వంగుతాయి. మన దేశంలో ఈ వ్యాధిని గూర్చిన తొలి వైద్య నివేదికలు 1937లో, నాటి నెల్లూరు జిల్లా నుండి వెలువడ్డాయి.

నీటిని కాచినందువల్ల ప్రయోజనం లేదు. నీరు ఆవిరవుతుంది, ఫ్లోరైడు మిగులుతుంది. గాఢత మరింత పెరుగుతుంది. నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ రూపొందించిన 'నల్లగొండ పద్ధతి'లో నీటికి సున్నం, పటిక కలుపుతారు. అప్పుడేర్పడే అల్యూమినియం హైడ్రాక్సైడు తుట్టెలకు ఫ్లోరైడు అంటుకొని అడుగున చేరుతుంది, పైతేటను వడగట్టుకొంటారు. కరిగియున్న దానిని కరగని దానితో జతచేసి వెలికితీయడమే ఇందలి సూత్రం. పటిక ఎంత వేయాలో ఫ్లోరైడు పరిమాణం, నీటి క్షారత తెలిస్తేగాని చెప్పలేము. అధికమైతే అల్యూమినియం నీటిలో మిగిలిపోతుంది.

విద్యార్థులారా! ద్రావితం, గాఢత అనునవి పరీక్షకొరకు వల్లించే మాటలు మాత్రమే కావు. మీ ఇంటి బోరునీటిని ఒక్కసారి పరీక్షాశాలకు పంపండి. అందులో కరిగినదేమిటో, ఎంతో తెలిసిన నాడే ముడి విప్పే దారి దొరుకుతుంది.