పెరటి చెట్లు – వాల్టా నియమములు

క్రొత్త ఇల్లు కట్టునపుడు అడ్డుగా నున్నదని వేపచెట్టును కొట్టివేయుట, గృహప్రవేశము కాగానే ముంగిట పచ్చిక పెంచుట మన పల్లెలలో కూడ అలవాటగుచున్నది. మెట్ట ప్రాంతమునకు ఈ రెండును తగిన పనులు కావు. మొదటిదానికి చట్టము కూడ అడ్డు వచ్చును.

2002 సంవత్సరపు నీరు, భూమి, చెట్ల చట్టము బోరుబావులకే సంబంధించినదని పలువురి తలంపు. చెట్ల నియమములును అందు కలవు. మినహాయింపు గల కొన్ని జాతులు తప్ప, చెట్టు మీ స్వంత దొడ్డిలోనిదైనను నరుకుటకు ముందు అధీకృత అధికారి అనుమతి పొందవలెను. దానికి మారుగా మొక్కలు నాటవలెను. కనుక ఇంటికి ముగ్గు పోయకముందే గ్రామాధికారిని విచారించుట మంచిది. గోడలు లేచిన తరువాత అడిగిన ఆయన మాత్రమేమి చేయగలడు?

ఇక పచ్చిక సంగతి. 50 చదరపు మీటర్ల పచ్చికకు వేసవిలో రోజుకు 5 మిల్లీమీటర్ల తడి ఇచ్చినచో 250 లీటర్ల నీరు పట్టును. 2019లో మొదలైన జలజీవన్ పథకము ప్రకారము పల్లెలో మనిషికి రోజుకు 55 లీటర్లు. అనగా నలుగురి వాటాకు మించిన నీరు గడ్డి త్రాగుచున్నదన్నమాట!

తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టము నాటిన మొక్కలలో 85 శాతము బ్రతికించు బాధ్యతను గ్రామపంచాయతీపై నుంచినది. అందుచే ఏ మొక్క పంచవలెనో అధికారులు ముందే యోచింపవలెను. త్వరగా పచ్చబడునని కొన్నాళ్లు కోనోకార్పస్‌ను విరివిగా నాటిరి. 2022లో తెలంగాణ ప్రభుత్వము దానిని నాటవద్దని ఆదేశించినది. ఎండకు ఓర్చుట ఒక్కటే చూచిన చాలదు; నీడ, కాయ, ఆకు, ఎరువు ఏదో ఒకటి ఇంటికి దక్కవలెను. వేప, కానుగ, చింత, ఉసిరిక, మారేడు మన నేలకు అలవాటుపడినవి. కంచెకు వావిలి, తంగేడు చాలును. సీతాఫలము పరదేశపు మొక్కయే అయినను మన గుట్టలలో స్థిరపడినది, నిరభ్యంతరముగా వేయవచ్చును. రావి, మర్రి గోడల దరి వలదు.

మే నెలలోనే 2 అడుగుల పొడవు, వెడల్పు, లోతు గల గుంటలు త్రవ్వి ఎండనిచ్చి, పశువుల ఎరువు కలిపి, తొలకరికి నాటుడు. ఇంటికప్పు నీటిని పాదులవైపు మళ్లించుడు. 100 చదరపు మీటర్ల కప్పుపై 50 మిల్లీమీటర్ల వాన పడినచో 5,000 లీటర్లు; అందు కొంత వృథాయైనను మిగిలినది తక్కువ కాదు. వేసవిలో మొక్కకు అడుగు దూరమున, అడుగున సన్నని రంధ్రము చేసి గుడ్డవత్తి దూర్చిన మట్టికుండను మెడవరకు పాతి, నీరు నింపి, మూత పెట్టుడు. నీరు కొద్దికొద్దిగా వేళ్లకే చేరును. పాదులో ఎండుటాకు పరచుడు. చుట్టును వేసిన ముండ్లకంపను మాత్రము రెండు వేసవులు గడచువరకు తీయవద్దు. మేకలకు అంత ఓర్పు ఉండదు.